ఎప్‌కాట్‌లో అంతరిక్ష భోజనం: స్పేస్ 220కు వెళ్లే తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు థీమ్ పార్కుల్లో ఎప్‌కాట్ ఒకటి. 1982 అక్టోబరు 1న మొదలైన ఈ పార్కులో, మిషన్: స్పేస్ అనే రైడ్‌ను ఆనుకుని, 2021 సెప్టెంబరు 20న స్పేస్ 220 అనే రెస్టారెంట్ తెరుచుకుంది. భూమికి 220 మైళ్ల ఎత్తున, అంటే సుమారు 354 కిలోమీటర్ల పైన, సెంటారి అనే అంతరిక్ష కేంద్రంలో కూర్చుని భోజనం చేస్తున్నామన్నది ఇక్కడి కథ. స్టెల్లర్‌వేటర్ అని పిలిచే లిఫ్టులో అతిథులను ‘పైకి’ తీసుకెళ్తారు, గోడ పొడవునా ఉన్న పెద్ద కిటికీల ముందు కూర్చోబెడతారు, ఆ కిటికీల్లో భూగోళం కనిపిస్తూ ఉండగా వడ్డిస్తారు.

ఇక్కడ చెల్లించే డబ్బులో పెద్ద వాటా ఆ కిటికీకే పోతుందన్న సంగతి మొదటే గ్రహించిన వారికి ఈ భోజనం తృప్తినిస్తుంది. వంట బాగానే ఉంటుంది కానీ, కేవలం రుచి కోసమైతే ఇంతకంటె తక్కువ ధరకు ఇదే పార్కులో మంచి చోట్లు ఉన్నాయి. కనుక ఏ పూట వెళ్లాలి, ఏది ఆర్డర్ చేయాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నవన్నీ ఆ దృశ్యాన్ని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించుకోవాలి. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ, వేసవిలో వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని ఓర్లాండో వెళ్లే కుటుంబాలను మనసులో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదటి దశ: ఏ పూట, ఏ భాగంలో

స్పేస్ 220లో ప్రధాన భోజనశాల, లాంజ్ అని రెండు భాగాలున్నాయి. భోజనశాలలో విడివిడి వంటకాలకు విడివిడి ధరలు ఉండవు. మనిషికి ఇంత అని నిర్ణీత ధర ఉంటుంది, అందులో స్టార్టర్, మెయిన్ కోర్సు వంటివి ఎంచుకోవాలి. లాంజ్‌లో మాత్రం కావలసిన చిన్న పదార్థాలను, పానీయాలను విడిగా తెప్పించుకోవచ్చు. రెండు చోట్లకూ ఎక్కేది అదే లిఫ్టు, కనిపించేది అదే ఆకాశం.

ప్రారంభించిన నాటి ధరలను బట్టి లెక్క వేస్తే తేడా స్పష్టమవుతుంది. అప్పట్లో రెండు కోర్సుల మధ్యాహ్న భోజనం పెద్దవారికి 55 డాలర్లు, మూడు కోర్సుల రాత్రి భోజనం 79 డాలర్లు. నలుగురు పెద్దవాళ్లు మధ్యాహ్నం తింటే, విచిత్రంగా, సరిగ్గా 220 డాలర్లు అవుతుంది. దానిమీద ఆరెంజ్ కౌంటీ అమ్మకపు పన్ను 6.5 శాతం చొప్పున 14.30 డాలర్లు, టిప్ 18 శాతం చొప్పున 39.60 డాలర్లు కలిపితే మొత్తం 273.90కి చేరుతుంది. అదే రాత్రిపూట అయితే భోజనమే 316, పన్ను, టిప్ కలుపుకుంటే 393.42. అంటే ఒక డెజర్ట్ కోసం, సాయంత్రపు వేళ కోసం నలుగురి మీద దాదాపు 120 డాలర్ల చేతి చమురు వదులుతుంది. పానీయాలు దీనికి అదనం. ధరలు మారుతూ ఉంటాయి కనుక బుక్ చేసే రోజున యాప్‌లో మెనూ తెరిచి ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడి కిటికీలు నిజానికి తెరలు. లిఫ్టు ఎక్కినా మనం ఉండేది నేలమీదే. అందువల్ల రాత్రిపూట ఎప్‌కాట్ సరస్సుపై జరిగే బాణసంచా ప్రదర్శనను ఇక్కడ కూర్చుని చూడవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నా సలహా అడిగితే మధ్యాహ్న భోజనమే మేలంటాను, అందులోనూ డిన్నర్ మెనూ మొదలయ్యే ముందు దొరికే ఆఖరి వేళలు. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక ఎండైనా మండిపోతూ ఉంటుంది, లేదా ఉరుములతో వాన ముంచెత్తుతుంది; పెద్దవాళ్లను, పసిపిల్లలను ఆ సమయంలో చల్లని చీకటి గదిలో గంటన్నర కూర్చోబెట్టగలగడం భోజనంతో పాటు కలిసివచ్చే లాభం.

లాంజ్ ఎవరికి తగినదో కూడా చెప్పాలి. పిల్లలు లేని దంపతులకు, అంత భోజనం తినలేని వారికి, ఆ లిఫ్టు, ఆ కిటికీ ఒకసారి చూస్తే చాలనుకునే వారికి అది సరిపోతుంది. ఇద్దరు రెండు పదార్థాలు, రెండు పానీయాలు తీసుకుని నిర్ణీత ధర కంటె బాగా తక్కువలో బయటపడవచ్చు. ఎత్తయిన స్టూళ్ల మీద కూర్చోవలసి రావచ్చు కనుక మోకాళ్ల నొప్పులున్న వారికి మాత్రం అది అనువు కాదు.

రెండవ దశ: టేబుల్ దక్కించుకోవడం

ఈ రెస్టారెంట్‌ను నడిపేది పటీనా రెస్టారెంట్ గ్రూప్ అనే సంస్థ; బుకింగ్ మాత్రం డిస్నీ వరల్డ్ వెబ్‌సైట్‌లో గానీ మై డిస్నీ ఎక్స్‌పీరియెన్స్ యాప్‌లో గానీ చేసుకోవాలి. భోజనం తేదీకి 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. డిస్నీ సొంత హోటళ్లలో దిగేవారికి ఒక వెసులుబాటు ఉంది: దిగే తేదీకి 60 రోజుల ముందే, తమ బస కాలమంతటికీ, గరిష్ఠంగా పది రోజుల వరకు, ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. దీనివల్ల బయట హోటల్లో దిగేవారికి ఒక చిక్కు వస్తుంది. మీరు 60వ రోజున సరిగ్గా సమయానికి లేచి చూసినా, మీకంటె ముందే డిస్నీ హోటల్ అతిథులు ఆ తేదీలో మంచి వేళలను ఎంచుకుని ఉంటారు. డిస్నీ హోటల్లో దిగేవారు స్పేస్ 220ను తమ బసలో చివరి రోజులకు పెట్టుకుంటే పోటీ తగ్గడానికి కారణం కూడా ఇదే.

ఆన్‌లైన్ బుకింగ్ తూర్పు అమెరికా సమయం ప్రకారం ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. న్యూజెర్సీలో ఉన్నవారికి అది మామూలు పొద్దు. డాలస్‌లో 5 గంటలు, కాలిఫోర్నియాలో తెల్లవారుజామున 3 గంటలు. భారతదేశంలో అయితే వేసవిలో మధ్యాహ్నం 3.30, చలికాలంలో సాయంత్రం 4.30. బే ఏరియాలో నిద్ర చెడగొట్టుకోవడం ఇష్టం లేనివారు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తమ్ముడికో చెల్లెలికో తమ ఖాతా అప్పగించి ఆ పని పురమాయించవచ్చు. అయితే క్రెడిట్ కార్డు వివరాలు, వెంట వచ్చే వారి పేర్లు ముందురోజే ఖాతాలో చేర్చి ఉంచాలి. టేబుల్ చేతికందే సమయంలో కార్డు నంబరు వెతుక్కుంటూ కూర్చుంటే అది మరొకరికి పోతుంది.

ఎంతమందికి బుక్ చేయాలన్నది మనవాళ్లకు ప్రత్యేకించి ఎదురయ్యే ప్రశ్న. రెండు మూడు కుటుంబాలు కలిసి పదిమంది వెళ్లడం మనకు మామూలే. పదిమందికి ఒకే టేబుల్ వెతికితే ‘ఖాళీ లేదు’ అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. నలుగురు, నలుగురు, ఇద్దరు అని విడగొట్టి, దగ్గర దగ్గర వేళల్లో వేర్వేరు ఖాతాల నుంచి ప్రయత్నిస్తే అవకాశం పెరుగుతుంది. అక్కడికి వెళ్లాక టేబుళ్లను పక్కపక్కన ఇవ్వమని కౌంటరులో అడగవచ్చు. ఇవ్వగలిగితే ఇస్తారు, లేకపోతే పట్టుబట్టి లాభం లేదు. పిల్లలందరినీ ఒక టేబుల్‌కు, తాతయ్యలను, అమ్మమ్మలను మరో టేబుల్‌కు పంపే పథకం మాత్రం వేయకండి. ప్రతి టేబుల్ దగ్గరా మెనూ చదివి వివరం అడగగలిగిన ఒకరైనా ఉండాలి.

అరవై రోజుల ముందు దొరకనంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. డిస్నీ టేబుల్ సర్వీసు రెస్టారెంట్లలో సాధారణంగా రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకోవడానికి వీలుంటుంది, ఆ తరువాత గానీ రాకపోతే గానీ తలకు 10 డాలర్ల చొప్పున రుసుము పడుతుంది. అందుకే ప్రయాణం తప్పిపోయినవారు, ప్రణాళిక మార్చుకున్నవారు ముందురోజు రాత్రి, ఆ రోజు ఉదయం చాలామంది రద్దు చేస్తుంటారు. ఆ వేళల్లో యాప్‌ను మళ్లీ మళ్లీ చూస్తూ ఉంటే ఇద్దరికో నలుగురికో టేబుల్ దొరకడం అరుదేమీ కాదు. పార్కులో ఉండగా యాప్‌లో వాకప్ జాబితా, అంటే బుకింగ్ లేకుండా వచ్చేవారి జాబితా, తెరిచి ఉంటే అందులో పేరు నమోదు చేయడం మరో మార్గం. మీరు రద్దు చేసుకోవలసి వచ్చినా గడువు నియమం బుకింగ్ పేజీలో ఒకసారి చదివి, సకాలంలో చేయండి. ఆ టేబుల్ కోసం మరో కుటుంబం యాప్ పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.

భోజనం బుక్ అయినంత మాత్రాన పార్కులోకి రానివ్వరు. ఎప్‌కాట్ టికెట్ విడిగా ఉండాలి. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ల వారిని పిల్లలుగా లెక్కించి పిల్లల మెనూ ఇస్తారు. పదేళ్లు నిండితే పెద్దల ధరే. అర ప్లేటు తినే పదేళ్ల పిల్లకు పూర్తి ధర కట్టవలసి రావడం కష్టంగానే ఉంటుంది, కానీ నియమం అది.

మూడవ దశ: మెనూ ముందే చదవడం, ముఖ్యంగా శాకాహారులు, గొడ్డు మాంసం తిననివారు

ఇది అమెరికన్ తరహా వంటశాల. వంటకాల పేర్లకు నక్షత్రాలు, గ్రహాలు తగిలించినా లోపల ఉండేది చేప, కోడి, పాస్తా, స్టేక్, సలాడ్. గొట్టాల్లోనో పొట్లాల్లోనో వచ్చే వ్యోమగామి ఆహారం ఉంటుందని పిల్లలు ఎదురుచూస్తుంటే వారికి ముందే చెప్పడం మంచిది. అసలు వ్యోమగాముల భోజనం గురించి టేబుల్ దగ్గర కథ చెప్పాలనిపిస్తే మనకు మంచి సరుకే ఉంది. 1984లో రాకేశ్ శర్మ రోదసిలోకి వెళ్లినప్పుడు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల ఆయన కోసం సూజీ హల్వా, ఆలూ ఛోలే, వెజిటబుల్ పులావ్ తయారుచేసి ఇచ్చింది; 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్లారు.

ఇక మన జాగ్రత్తల సంగతి. గొడ్డు మాంసం తిననివారు మెనూలో ‘బీఫ్’ అన్న మాట కోసం మాత్రమే వెతికితే పొరబడతారు. షార్ట్ రిబ్, స్ట్రిప్ స్టేక్, ఫిలే, బ్రిస్కెట్ అని ఉన్నవన్నీ సాధారణంగా గొడ్డు మాంసమే. పక్కన చికెన్ అనో టర్కీ అనో చెప్పని బర్గర్ కూడా అంతే. ఈ రెస్టారెంట్ ప్రారంభం నుంచీ బాగా ప్రచారం పొందిన మెయిన్ కోర్సుల్లో షార్ట్ రిబ్ ఒకటి కనుక ఇది ఊరికే చెబుతున్న హెచ్చరిక కాదు. అలాగే బేకన్, ప్రషూటో, పాన్‌చెటా అన్నవి పంది మాంసం. సలాడ్ మీద, పాస్తాలో చిన్న ముక్కలుగా తరిగి చల్లుతారు.

శాకాహారులకు ఇంకాస్త లోతుగా చూడవలసి ఉంటుంది. సీజర్ సలాడ్ పైకి ఆకులే గానీ దాని డ్రెస్సింగ్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చేప ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో చేసే పార్మజాన్ జున్ను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో తయారవుతుంది. సూపులకు, సాస్‌లకు చికెన్ స్టాక్, అంటే కోడిని ఉడికించిన నీరు, వాడటం అమెరికన్ వంటశాలల్లో మామూలే. కొన్ని డెజర్టుల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ కలుస్తుంది, కేకుల్లో గుడ్డు సరేసరి. ఇన్ని వివరాలు సర్వర్‌తో ఒక్కొక్కటిగా మాట్లాడటం కంటె తేలిక దారి ఒకటుంది. డిస్నీ పార్కుల మెనూల్లో ప్లాంట్ బేస్డ్ అని రాసి ఉన్న, లేదా ఆకు గుర్తు ఉన్న వంటకాల్లో మాంసం, చేపలతో పాటు గుడ్డు, పాలు, తేనె కూడా ఉండవు. గుడ్డు ముట్టని అమ్మమ్మకు ‘వెజిటేరియన్’ అన్న మాట కంటె ఈ గుర్తు ఎక్కువ భరోసానిస్తుంది. పాలు, నెయ్యి లేకపోవడం వల్ల ఆవిడకు కొంత చప్పగా అనిపించవచ్చు గానీ నిశ్చింతగా తినవచ్చు. ప్రారంభంలో ఇక్కడి మెనూలో ఉన్న టెర్రా బొలొనీజ్ అనే పాస్తా ఈ కోవలోనిదే. స్టార్టర్లలో పిండిలో ముంచి వేయించిన క్యాలీఫ్లవర్ మన నాలుకకు దగ్గరగా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి తిననివారికి మాత్రం ఆ గుర్తు ఏ హామీ ఇవ్వదు. వారు విడిగా చెప్పుకోవాలి.

చెప్పుకోవడానికి సరైన సమయం ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాదు, బుక్ చేసేటప్పుడే. యాప్‌లో అలర్జీలు, ఆహార నియమాలు నమోదు చేసే చోటు ఉంటుంది. అక్కడ రాసి, టేబుల్ దగ్గర కూర్చోగానే మళ్లీ సర్వర్‌కు చెప్పాలి. జీడిపప్పు, వేరుశనగ వంటి అలర్జీలు ఉన్న పిల్లలుంటే షెఫ్‌తో మాట్లాడతామని అడగడానికి మొహమాటపడవద్దు. డిస్నీ పార్కుల్లో ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ‘నో మీట్’ అని ఊరుకోకుండా, మాంసం, చేప, గుడ్డు, మాంసంతో కాచిన స్టాక్ ఏదీ వద్దని నాలుగింటినీ పేరుపేరునా చెప్పండి.

కారం విషయానికొస్తే, ఇక్కడి వంటకాలు మనకు చప్పగానే ఉంటాయి. హాట్ సాస్ అడిగితే తెస్తారు. డిస్నీ పార్కుల్లోకి బయటి నుంచి తినుబండారాలు తెచ్చుకోనిస్తారు, గాజు పాత్రలు, మద్యం తప్ప. కనుక మామయ్యగారికి పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, రెస్టారెంట్‌కు ముందో తరువాతో పార్కు బెంచీ మీద తినిపించవచ్చు. మనిషికి యాభై డాలర్లు పైన తీసుకునే టేబుల్ మీద ఆ డబ్బా తెరవడం మాత్రం మర్యాద కాదు. అంతకంటె, తక్కువ తినే పెద్దవాళ్లు ఉన్న కుటుంబం నిర్ణీత ధర భోజనశాలను వదిలి లాంజ్‌ను ఎంచుకోవడం వివేకం.

నాలుగవ దశ: ఆ రోజు పార్కులో

ప్రధాన ద్వారం నుంచి లోపలికి రాగానే ఎదురుగా 180 అడుగుల ఎత్తున స్పేస్‌షిప్ ఎర్త్ గోళం కనిపిస్తుంది. దాన్ని దాటి ఎడమవైపు తిరిగితే వరల్డ్ డిస్కవరీ అనే భాగం. అక్కడ ముందు పెద్ద గ్రహాల బొమ్మలున్న వంపు గోడల భవనం మిషన్: స్పేస్, దాని పక్కనే స్పేస్ 220 ద్వారం. స్కైలైనర్ తీగమార్గంలో గానీ, పడవలో గానీ వచ్చేవారు పార్కు వెనుకవైపు ఉన్న ఇంటర్నేషనల్ గేట్‌వే ద్వారం దగ్గర దిగుతారు. అక్కడి నుంచి రెస్టారెంట్‌కు చాలా దూరం నడవాలి. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు ఆ నడకకు అరగంట వరకు కేటాయించుకోవాలి.

మిషన్: స్పేస్ రైడ్‌ను భోజనానికి ముందే పూర్తి చేయండి. అందులో ఆరెంజ్, గ్రీన్ అని రెండు రకాలున్నాయి. ఆరెంజ్‌లో కూర్చున్నవారిని గుండ్రంగా వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ వల్ల శరీరం మీద భూమి గురుత్వానికి రెట్టింపుకు పైగా ఒత్తిడి పడుతుంది. దానికి 44 అంగుళాల ఎత్తు ఉండాలి. గ్రీన్‌లో ఆ తిప్పుడు ఉండదు, 40 అంగుళాలు చాలు. క్యాలీఫ్లవర్ వేపుడు, పాస్తా తిని నేరుగా ఆరెంజ్‌లోకి వెళ్లడం ఎంత తెలివితక్కువ పనో వివరించనక్కర్లేదు. రక్తపోటు, గుండె జబ్బు, మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లకు అసలే వద్దు.

బుక్ చేసుకున్న సమయానికి పది పదిహేను నిమిషాల ముందు చేరి యాప్‌లో చెక్-ఇన్ చేయాలి. టేబుల్ ఖాళీ అయ్యాక, లిఫ్టులో పట్టే సంఖ్యలో అతిథులను జట్లుగా పిలుస్తారు కనుక బుకింగ్ ఉన్నా కొంతసేపు నిరీక్షణ తప్పదు. ఈ లోపు పిల్లలను బాత్రూముకు తీసుకెళ్లి రావడం మేలు. స్ట్రోలర్ బయటే వదలాలి. అందులో పాలసీసా, డైపర్ మరచిపోతే మళ్లీ ‘భూమికి’ దిగి రావలసి వస్తుంది.

అయిదవ దశ: లిఫ్టు, కిటికీ

స్టెల్లర్‌వేటర్ గుండ్రని చిన్న గది. నేలలో ఒక కిటికీ, పైకప్పులో ఒక కిటికీ ఉంటాయి. తలుపు మూసుకోగానే కింది కిటికీలో ఎప్‌కాట్, ఆపై ఫ్లోరిడా తీరం చిన్నవైపోతూ కనిపిస్తాయి, పై కిటికీలో అంతరిక్ష కేంద్రం దగ్గరవుతుంది. ఇదంతా ఒక నిమిషం పైచిలుకులో ముగుస్తుంది. గది కొద్దిగా కంపిస్తుందే తప్ప నిజంగా పైకి లేవదు. లిఫ్టులంటే, ఎత్తులంటే భయపడే వారికి ఆ మాట ముందే చెప్పి, చూపును నేల మీద నుంచి తప్పించమంటే చాలు. పిల్లలను మధ్యకు, కింది కిటికీ చుట్టూ నిలబెట్టాలి. ఫోనులో వీడియో తీయాలనుకునేవారు వెళ్లేటప్పుడు కళ్లతో చూసి, తిరిగి దిగేటప్పుడు తీసుకోవచ్చు. దిగడానికీ ఇదే ఏర్పాటు.

పైకి చేరాక భోజనశాలకు వెళ్లే దారిలో ఆకుకూరలు, కూరగాయలు పెంచుతున్నట్టు అమర్చిన ఒక పెద్ద చక్రం తిరుగుతూ కనిపిస్తుంది. చాలామంది ఫొటో తీసుకుని ముందుకు సాగిపోతారు గానీ, దాని వెనుక నిజమైన ప్రయోగాలున్నాయి: 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు అక్కడే పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకులను తిన్నారు.

భోజనశాల మెట్లుమెట్లుగా, అంచెలుగా ఉంటుంది, వెనుక వరుసకు కూడా కిటికీ కనిపిస్తుంది. కిటికీని ఆనుకుని ఉన్న టేబుళ్లు తక్కువ. వాటిని ముందుగా బుక్ చేసే వీలు లేదు. అడిగి చూడవచ్చు, కానీ దానికోసం మరో అరగంట నిలబడటం వృథా. నిజానికి మధ్య వరుసల నుంచే దృశ్యం మొత్తంగా కనిపిస్తుంది. మరీ ముందు కూర్చుంటే భూగోళం వంపు ఒక పక్కకే పరిమితమవుతుంది. కుర్చీల ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి: పిల్లలను, మొదటిసారి వచ్చిన పెద్దవాళ్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఇంటివాళ్లు వీపు అటు పెట్టి కూర్చోవాలి. గది చీకటిగా ఉంటుంది కనుక ఫ్లాష్ వాడితే తెర తెల్లబోతుంది. ఫ్లాష్ ఆపి, మనుషుల ముఖాలపై భూమి వెలుగు పడే సమయంలో తీస్తే ఫొటో బాగా వస్తుంది. మెనూ చదవడానికి పెద్దవాళ్లకు ఫోను వెలుతురు అవసరం కావచ్చు, కళ్లజోడు వెంట ఉంచుకోమనండి.

వంటకాలు వచ్చేలోపు బడి పిల్లలతో ఆడదగిన లెక్క ఒకటుంది. అంత ఎత్తులో ఉన్నా ప్లేటు ఎందుకు తేలిపోవడం లేదు? రెస్టారెంట్ కథలో దానికి ఏ కారణం చెప్పినా, భౌతికశాస్త్రం ఇచ్చే జవాబు ముచ్చటగా ఉంటుంది. 354 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి గురుత్వం నేలమీది దానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. నేలకు పాతిన ఒక స్తంభం మీద అంత ఎత్తున కూర్చుంటే 60 కిలోల మనిషి 54 కిలోలు తూగుతాడు, ప్లేటు బల్లమీదే ఉంటుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అసలు అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలడానికి కారణం గురుత్వం లేకపోవడం కాదు, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో 90 నిమిషాలకోసారి భూమిని చుట్టివస్తూ అది నిరంతరం పడిపోతూ ఉండటం. మరి లిఫ్టు పట్టుకుని నిలబడిన సెంటారి కిటికీ బయట వ్యోమగాములు హాయిగా ఎలా తేలుతున్నారని మీ అమ్మాయి అడిగితే, ఆ రోజు టికెట్ డబ్బులు గిట్టినట్టే. అసలు అంతరిక్షానికి లిఫ్టు వేయాలన్న ఊహ 1895లో రష్యన్ శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీది. అది నిలబడాలంటే 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర కక్ష్యను అందుకోవాలి. సెంటారి ఉన్నది అందులో నూరో వంతు ఎత్తులో. ఇంకో కొలత కావాలంటే, ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో చేరిన ఎత్తు సుమారు 86 కిలోమీటర్లు. ఈ ఊహాలిఫ్టు తన దారిలో నాలుగో వంతు పూర్తికాకముందే ఆ ఎత్తును దాటిపోతుంది. ఆవిడ మాత్రం నిజంగా వెళ్లారు.

తినడానికి, చూడటానికి గంటన్నర పెట్టుకోండి. కిటికీ బయట దృశ్యం మారుతూ ఉంటుంది, నౌకలు, వ్యోమగాములు వచ్చిపోతుంటారు. బిల్లు రాగానే లేచిపోయేవారు వాటిలో కొన్ని చూడకుండానే వెళ్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్టార్టర్, మెయిన్ కోర్సు మధ్య తొందర లేదని సర్వర్‌కు చెబితే సరిపోతుంది.

బిల్లు దగ్గర

ఆరుగురు లేదా అంతకంటె ఎక్కువమంది ఒకే టేబుల్‌లో ఉంటే డిస్నీ రెస్టారెంట్లలో 18 శాతం టిప్ బిల్లులోనే కలిసి వస్తుంది. అది గమనించకుండా కింద ఉన్న ఖాళీలో మళ్లీ టిప్ రాసి రెండుసార్లు ఇచ్చేవారు చాలామంది. ఆరుగురికి లోపు ఉంటే 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మద్యం తీసుకునేవారు ఎంత వయసు వారైనా గుర్తింపు అడగవచ్చు; భారతదేశం నుంచి వచ్చినవారికి పాస్‌పోర్టే ఆధారం. పిల్లలకు, తాగనివారికి మద్యం లేని రంగురంగుల పానీయాలు చాలానే ఉన్నాయి, అయితే నిర్ణీత ధరలో అవి చేరవన్నది మరవకూడదు.

టేబుల్ దొరకకపోతే

కిటికీ ఉన్న భోజనమే కావాలంటే ఎప్‌కాట్‌లోనే కోరల్ రీఫ్ అనే రెస్టారెంట్ ఉంది. అక్కడి గాజు వెనుక ఉన్నది తెర కాదు, సొరచేపలు, తాబేళ్లు ఈదే నిజమైన అక్వేరియం. మెనూలో మాత్రం చేపలదే పైచేయి. శాకాహార కుటుంబానికి నేను ముందుగా చెప్పే పేరు సానా. అది యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో ఉంది, పార్కు టికెట్ అక్కర్లేదు, వంట ఆఫ్రికన్, భారతీయ రుచుల కలయిక. రకరకాల నాన్‌లతో పాటు చట్నీలు, పచ్చళ్లు వడ్డించే బ్రెడ్ సర్వీసు అక్కడ ప్రసిద్ధి. కిటికీ బయట మేసే జిరాఫీలు, జీబ్రాలు నిజమైనవి. పెద్దవాళ్లకు స్పేస్ 220 కంటె అదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు.

అంతరిక్షమే ముఖ్యమనుకునే పిల్లలున్నవారు ఓర్లాండోకు తూర్పున, కారులో సుమారు గంట దూరంలో ఉన్న కెనెడీ స్పేస్ సెంటర్‌కు విడిగా ఒక రోజు ఉంచుకోవాలి. నిజంగా రోదసికి వెళ్లివచ్చిన అట్లాంటిస్ షటిల్, చంద్రయాత్రలకు వాడిన రకానికి చెందిన సాటర్న్ 5 రాకెట్ అక్కడ ఉన్నాయి. రెండూ చూడగలిగితే ముందు కెనెడీకి, ఆ తరువాత ఎప్‌కాట్‌కు వెళ్లడం మంచిది. అసలు వాహనాల పరిమాణం చూసివచ్చిన పిల్లలు స్పేస్ 220 కిటికీ ముందు కూర్చుని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి, భోజనం వచ్చేదాకా వారికి విసుగు పుట్టదు.